మా తాతకు ఎన్నేళ్ళు?

(పాఠకుల ఉత్తరాలకు జవాబులు. ఈ శీర్షిక రాస్తున్నది ఆదోని పక్క పల్లెల్లో 34 ఏళ్ళు పంతులమ్మగా చేసి రిటైరైన రచయిత్రి.)

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది ఆలూరు దగ్గర పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. 2025 కార్తీకంలో మా తాత పోయాడు. సంవత్సరీకం నాటికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి, వచ్చిన బంధువులకు పంచాలనుకున్నాం. రాయడం మొదలుపెట్టి మొదటి వాక్యంలోనే ఆగిపోయాను, పుట్టిన సంవత్సరం దగ్గర.

ఆధార్ కార్డులో 1936 జనవరి 1 అని ఉంది. మా నాయన భావ నామ సంవత్సరం అంటాడు. మా పెద్దత్త ప్రమోదూత అని పట్టుబట్టింది. ఇద్దరూ పెద్దదినం నాడే దీని మీద అరుచుకున్నారు. తాతను ఎప్పుడు అడిగినా ఏడు చెప్పేవాడు కాదు. "పీర్లు గుండం తొక్కిన రాత్రి పుట్టినానంట, తెల్లారి మృగశిర వాన పడిందంట, మా యమ్మ చెప్పేది" అనేవాడు. ఆయనకు పీర్ల పేరు పెట్టింది అందుకే. ఆ పేరు విని, మీ తాత ముస్లిమా అని మా ఆఫీసులో అడుగుతారు. స్వరాజ్యం వచ్చేనాటికి తాత గొర్రు పట్టి విత్తనం వేసేవాడంట. గంజి కేంద్రాల కరువులో పెళ్ళయింది. ఆలూరు కర్నూలు జిల్లాలో కలిసిన నెలలోనే మా పెద్దత్త పుట్టింది. ఇంతే తెలుసు.

రెండో టెన్షన్ ఇంకోటి ఉంది. తాత గురించి ఎవరిని కదిపినా "బంగారం లాంటి మనిషి" అంటారు, ఆపైన మాట రాదు. నాకు తెలిసిన సంగతులేమో రాయొద్దని మా చిన్నాయన అంటున్నాడు. ఒకటి, దేవరగట్టు బన్నిలో, అంటే దసరా రాత్రి కర్రల కొట్లాటలో, తల పగిలి కనుబొమ్మ మీద పడిన మచ్చ. రెండోది, కరువుల్లో అవ్వను వెంటబెట్టుకుని సుగ్గికి పోయి కూలి చేయడం. "ఇప్పుడు మనకో పేరుంది, అవెందుకురా" అంటాడు. ఏం చేయమంటారు?

— ఒక మనవడు, బెంగళూరు

జవాబు: నాయనా, ముందు నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. మన పక్క పల్లెల్లో జూలై 1న పుట్టినవాళ్ళు అంతమంది ఎందుకున్నారో ఎప్పుడైనా ఆలోచించావా? వాళ్ళలో కొన్ని వందల మందిని ఆ రోజు పుట్టించింది నేనే. బడి తెరవగానే తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తెచ్చేవాళ్ళు. "ఎప్పుడు పుట్టినాడమ్మా?" అంటే "బుడ్డలు పీకేటప్పుడు" అనో, "మా మరిది పెండ్లయిన మూడో నెల" అనో చెప్పేవాళ్ళు. పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుతుందేమో చూసేదాన్ని. అందితే ఐదేళ్ళు. రిజిస్టరులో జూలై 1. ఆ తేదీతోనే వాళ్ళు ఉద్యోగాల్లో చేరారు, ఇప్పుడు కొందరు కేకులు కూడా కోస్తున్నారు. ఫోటోలు నాకే పంపుతారు.

అందుకని ఆధార్‌లో జనవరి 1 చూసి నేను బెదరను. తేదీ తెలియదు, వయసు ఇంత అని చెబితే పడే తేదీ అది. ఆ వయసైనా చెప్పిందెవరు? ఆ రోజు క్యూలో తాత పక్కన నిలబడినవాళ్ళు. వయసుకు మన దగ్గర ఇంకో గుణముంది, ఉద్యోగం కావాలంటే తగ్గుతుంది, పింఛను కావాలంటే పెరుగుతుంది.

మీ ఇంటి గొడవకు వద్దాం. ప్రమోదూత అంటే 1930 ఉగాది నుంచి 1931 ఉగాది దాకా. భావ అంటే 1934-35. ఈ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి తాత తన పుట్టిన ఏడును ఇంకోసారి చూసే ఉంటాడు, 1990లోనో 1994లోనో. షష్టిపూర్తి లాంటిది చేసి ఉంటే చదివింపుల పుస్తకంలో తేదీ దొరుకుతుంది, వెదుకు. చేయకపోయినా నష్టం లేదు. అంతకన్నా గట్టి సాక్ష్యం నీ ఉత్తరంలోనే ఉంది, రాసింది నువ్వే అయినా నువ్వు చూసుకోలేదు.

పీర్ల పండగ. అంటే మొహర్రం, దాని లెక్క పూర్తిగా చంద్రుడితోనే. మనకున్నట్టు అధిక మాసాలు ఉండవు. అందువల్ల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని కార్తెలూ చుట్టి వస్తుంది. మృగశిర కార్తె మాత్రం కదలదు. జూన్ 7, 8 తేదీల్లో పెట్టి రెండు వారాలుంటుంది. ఈ రెండూ ఒకచోట కలవాలంటే సుమారు ముప్పై మూడేళ్ళు తిరగాలి. 1934లో పీర్ల పండగ ఏప్రిల్ చివర వచ్చింది. 1936లో ఏప్రిల్ మొదట్లో. ఆ ఎండల్లో మృగశిర వాన ఎక్కడి నుంచి వస్తుంది? 1930లో మాత్రం సరిగ్గా మృగశిర పెట్టిన రోజుల్లోనే వచ్చింది. 1929లో కూడా మృగశిరలోనే పడింది గానీ కార్తె చివర్లో. పైగా అది శుక్ల నామ సంవత్సరం, ఆ పేరు మీ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. కాబట్టి మీ పెద్దత్త గెలిచింది. ఈ మాట మీ నాయనకు అన్నం తిన్నాక చెప్పు.

మీ ఆఫీసు వాళ్ళకు కూడా జవాబు దొరికింది చూశావా. మన పల్లెల్లో పీర్ల సావిడి ముందు మొక్కని కులం లేదు. హుసేనప్పలూ మౌలాలిలూ దస్తగిరిలూ నా హాజరు పట్టీలో రెండు మతాల వాళ్ళూ ఉండేవాళ్ళు. మీ తాతకు ఆ పేరు పెట్టకపోయి ఉంటే ఈ రోజు నీకు ఆయన వయసు తేలేది కాదు.

మిగతావి కూడా సరిపోతున్నాయి. 1947 ఆగస్టుకు 1930లో పుట్టినవాడికి పదిహేడేళ్ళు. గొర్రు పట్టే వయసు. పదమూడేళ్ళ పిల్లాడికి ఎద్దుల పగ్గం ఇస్తారేమో గానీ విత్తేటప్పుడు గొర్రు ఇవ్వరు. సాలు వంకర పోతే పైరు మొలిచినప్పటి నుంచి కోసేదాకా దారిన పోయేవాడల్లా చూసి నవ్వుతాడు. గంజి కేంద్రాల కరువు 1952. ఎన్.టి.రామారావు రాయలసీమ కోసం జోలె పట్టి చందాలు వసూలు చేసింది ఆ ఏడాదే. తాతకు అప్పుడు ఇరవై రెండు. ఊరంతా గంజి కోసం చెంబులు పట్టుకుని నిలబడిన ఏడాది పెళ్ళి ఎలా చేశారు? పెళ్ళి భోజనంలో ఏం వడ్డించారు? మీ పెద్దత్తకు మీ అవ్వ చెప్పే ఉంటుంది. ఈ ఒక్కటి అడిగితే నీకు రెండు పేజీలు వస్తాయి.

పెద్దత్త పుట్టిన నెల గురించి నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నేను అక్కడే ఆగిపోయాను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని, నెహ్రూ వచ్చాడని, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యాడని, ఆఫీసులు గుడారాల్లో నడిచాయని బడి పిల్లలు కూడా చెబుతారు. అదే రోజు బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. బళ్ళారి ఊరితో సహా మిగతాది మైసూరుకు పోయింది. అంటే మీ తాత పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీ, బళ్ళారి జిల్లాలో. పెద్దకూతురు పుట్టింది ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు జిల్లాలో. ఇల్లు అదే, గడప అదే, బహుశా మంచం కూడా అదే. 1956 నవంబరులో రాష్ట్రం మళ్ళీ మారింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. 2014లో రాష్ట్రం రెండైంది. 2022లో నంద్యాల వేరుపడి జిల్లా రెండైంది. మనిషి మాత్రం ఆ వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. పుస్తకం ఇక్కడి నుంచి మొదలుపెట్టు. ఆయన ఏదైనా బడికి పోయి ఉంటే ఆ పాత రిజిస్టరులో బళ్ళారి జిల్లా అని కనిపిస్తుంది. ట్రంకు పెట్టెలో భూమి దస్తావేజులు కూడా తీసి చూడు, కొన్నవాళ్ళ అమ్మినవాళ్ళ పేర్ల పక్కన వయసు రాసే అలవాటుంది.

ఇక రెండో సంగతి. మీ చిన్నాయన మీద నాకు కోపం రావడం లేదు, నేను కూడా ఆ పనే చేశాను.

మా తాత శుభకృత్‌లో, 1902లో పుట్టి 1996లో పోయాడు. పెద్దదినం నాటికి నేను ఆయన మీద నాలుగు పేజీలు రాశాను. అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు, నా తెలుగు మీద నాకే మురిపెం. దానశీలి, సత్యసంధుడు, ధర్మమే ఊపిరిగా బతికినవాడు, ఇలా సాగింది. అందరి ముందూ గొంతెత్తి చదివాను. మా అవ్వ గోడకు ఆనుకుని చివరిదాకా విని, "బాగుంది గానీ పాపా, ఇది ఎవుర్ని గురించి?" అంది. అందరూ నవ్వారు. నేను మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు.

నాలుగో రోజు అవ్వే చెప్పింది. తాత పత్తి బండి తోలేవాడు. పొద్దుగూకే వేళ బండి కట్టి, ఇరుసు కింద లాంతరు వేలాడదీసి, తెల్లారేసరికి ఆదోని చేరేవాడు. ఎద్దులకు దారి తెలుసు కాబట్టి ఆయన బోరేల మీద పడి నిద్రపోయేవాడు. ఒకసారి అవ్వ కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఆ రాత్రి ఎద్దులు ఏమనుకున్నాయో, తాత కళ్ళు తెరిచేసరికి బండి అత్తగారి వాకిట్లో నిలబడి ఉంది, పత్తితో సహా. "నిన్ను చూడాలనే వచ్చినా" అన్నాడంట. "ఆ మాట నేను ఇప్పటికీ నమ్మలే" అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మండీలో ధర ఎంత పలికిందో, తరగు ఎంత కోశారో తాత ఇంట్లో చెప్పేవాడు కాదు. ఎప్పుడడిగినా "బాగనే వచ్చింది" అనేవాడు. కానీ ఉగ్గానీ బజ్జీ పొట్లం తెస్తే నిజంగా బాగా వచ్చినట్టు. ఉత్త బొరుగులు తెస్తే రానట్టు. ఈ లెక్క ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు, ఆయనకు మాత్రం మాకు తెలుసని తెలియదు. గింజలు కొలిచేటప్పుడు 'ఒకటి' అనకూడదు కదా, 'లాభం' అని మొదలుపెట్టాలి. ఆ అలవాటు ఆయన్ను చివరిదాకా వదల్లేదు. బీపీ మాత్రలు అరచేతిలో వేసుకుని "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేవాడు. ఇంకొకటి. ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే చాలు బయటికి ఉరికే మనిషికి ఉరుమంటే చచ్చేంత భయం. ఉరిమితే దుప్పటి నిండా కప్పుకుని, వాన మొదలయ్యాక మాత్రం ముసుగు తీసి వాకిట్లో నిలబడేవాడు.

ఇందులో ఒక్కటి కూడా నా నాలుగు పేజీల్లో లేదు. సత్యసంధుడు అని మాత్రం రెండుసార్లు ఉంది.

కాబట్టి "తాత ఎలాంటివాడు?" అని ఎవరినీ అడక్కు. ఆ ప్రశ్నకు బంగారం తప్ప ఇంకేమీ రాలదు. చెప్పులు ఎక్కడ విడిచేవాడు, జొన్నరొట్టెలోకి ఏముంటే ఇంకోటి అడిగేవాడు, ఎద్దులను తెలుగులో తిట్టేవాడా కన్నడంలోనా, ఎవరితో పదేళ్ళు మాట మానేశాడు, ఏ చుట్టం వస్తే దొడ్డిదారిన జారుకునేవాడు, ఇవి అడుగు.

బన్ని మచ్చ తప్పకుండా రాయి. దసరా రాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం నెరణికి వాళ్ళూ మిగతా ఊళ్ళ వాళ్ళూ కర్రలు పట్టడం నాకు నచ్చే విషయం కాదు. ఏటా తలలు పగులుతాయి. దసరా సెలవుల తర్వాత తలకు గుడ్డ కట్టుకుని క్లాసుకొచ్చిన పిల్లల్ని చూశాను. అది వేరే చర్చ. దెబ్బ మీద పసుపు అద్దుకుని ఇంటికొచ్చిన మీ తాతను చూసి మీ అవ్వ ఏమంది? ఆ తర్వాతి ఏడాది మళ్ళీ పోయాడా, పోనిచ్చిందా? అది రాయి. అట్ట మీద ఫోటోలో ఆ మచ్చ ఎలాగూ కనిపిస్తుంది. లోపల పేజీల్లో దాని మాట లేకపోతే మీ పిల్లలు దానికి సొంతంగా ఏదో ఒక కథ అల్లుతారు.

సుగ్గి సంగతి అంతకన్నా పెద్దది. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పండగ. మన పక్కకు వచ్చేసరికి అదే మాటకు, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి మూట కట్టుకుని పని వెతుక్కుంటూ పోవడమని అర్థం వచ్చింది. మనవాళ్ళు పోయేది కూడా కోతలకే, కాకపోతే వేరేవాళ్ళ చేలల్లో. దీపావళి దాటితే నా క్లాసులో బెంచీలు ఖాళీ అయ్యేవి. తాత ఏయే ఏళ్ళలో పోయాడు, ఏ ఊరికి, మిరపకాయలు కోయడానికా కాలువ తవ్వడానికా, రైల్లో ఎంతమంది, వచ్చేటప్పుడు ఏం తెచ్చాడు, తెచ్చిన డబ్బుతో మొదట ఎవరి బాకీ తీర్చాడు, ఇవన్నీ ఉంటేనే అది ఆయన పుస్తకం. అయితే మీ చిన్నాయనతో వాదన పెట్టుకోకు. పక్కన కూర్చుని, "చిన్నాయనా, వాళ్ళు సుగ్గికి పోయినప్పుడు నువ్వు ఎవరి దగ్గర ఉన్నావు?" అని ఒక్కమాట అడుగు. రాయొద్దని ఆయన అంటున్నది తాత పరువు కోసం కాకపోవచ్చు. అమ్మానాయనా లేకుండా అన్ని నెలలు ఉన్న పిల్లవాడు ఆయనే అయ్యుండొచ్చు. చెబితే విను. చెప్పకపోతే ఆ పేజీ ఆయన ఒప్పుకునేదాకా ఆపు, కొట్టేయకు.

తాతతో రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళలో ఎవరైనా మిగిలారా? ఉంటే సంవత్సరీకం దాకా ఆగొద్దు, ఈ శుక్రవారం రాత్రే బస్సెక్కు. వాళ్ళకు ఆకూవక్కా ఇష్టమో బీడీకట్ట ఇష్టమో మీ నాయనను అడిగి తీసుకుపో. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పి మధ్యలో పెట్టు. ఇంటి వాళ్ళు చెప్పని తాత అక్కడ దొరుకుతాడు.

అచ్చు వేసేటప్పుడు మొదటి పేజీలో "ప్రమోదూత, పీర్ల పండగ, మృగశిర" అని వేయి. కింద చిన్న అక్షరాల్లో 1930 జూన్ అని ఉంటే చాలు. ఒక కాపీ నాకు పంపాలి.

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. మా తాత మగ్గం నేసేవాడు. పోకముందు ఫోన్‌లో రెండు గంటలు మాట్లాడించి పెట్టుకున్నాను. ఇప్పుడు మా చెల్లెలు అది టైపు చేస్తూ "వచ్చినాడంట", "చేస్తాండ్రి" లాంటివన్నీ మంచి తెలుగులోకి మారుస్తోంది. కండె, నాడె (మగ్గంలో నూలును అటూ ఇటూ తీసుకుపోయేది), అచ్చు, సొసైటీ అంటూ మగ్గం పని చెప్పిన భాగం ఎవరికీ అర్థం కాదని తీసేస్తానంటోంది. సరేననమంటారా?

— ఒక మనవరాలు

జవాబు: అనొద్దు. మంచి తెలుగు అంటే ఏమిటో మీ చెల్లెలికి నాలాంటి పంతులమ్మ ఎవరో నేర్పి ఉంటుంది, ఆ తప్పు మాది. "చేస్తాండ్రి"ని "చేస్తూ ఉండేవారు" అని మారిస్తే ఆ మాట మీ తాతది కాకుండా వార్తలు చదివేవాడిది అవుతుంది. తీసేయాలనుకుంటున్న భాగమే అన్నిటికన్నా ముందు టైపు చేయించు. తాత సొసైటీ అన్నది 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘమే అయ్యుంటుంది. మీ ఊళ్ళో నేతగాళ్ళ ఇళ్ళలో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. ఆయన అందులో ఎప్పుడు చేరాడు, నూలు ఎలా ఇచ్చేవాళ్ళు, చీరకు కూలి ఎంత కట్టేవాళ్ళు అనేది ఆ రెండు గంటల్లో ఉంటే దాన్ని పోగొట్టుకోవడం పాపం.

రికార్డింగు ఒక్క ఫోన్‌లోనే ఉంచకు, ఫోన్లు నీళ్ళ బక్కెట్లలో పడతాయి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంట్లో పెట్టు. నాడె అంటే ఏమిటో చెల్లెలికి తెలియకపోతే మీ ఇంటి అటక మీద ఒకటి ఉండే ఉంటుంది, దించి దుమ్ము తుడిచి ఆ పిల్ల చేతిలో పెట్టు.